ఆర్చి, గుడ్లగూబ, కళ్ళున్న రవ్వలడ్లు: మా 2024 హాలోవీన్ డైరీ

అక్టోబరు 5, శనివారం

ఈ ఏడాది దీపావళీ హాలోవీనూ రెండూ అక్టోబరు 31నే వచ్చి పడ్డాయి. గురువారం. మేముండే అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఆ రోజు పొద్దు గుంకేది ఆరింటి ప్రాంతంలో. లక్ష్మీపూజకి దీపాలు వెలిగించాల్సిందీ అప్పుడే, హాలోవీన్ వేషాలేసుకున్న పిల్లలు ఇంటింటా చాక్లెట్లు అడగడానికి సంచులు పట్టుకుని వీధిన పడేదీ అప్పుడే. పైగా మర్నాడు బడి. అందుకని వేషాలూ పిండివంటలూ ఒకే ప్రాజెక్టు కింద పెట్టుకుని రాసుకుంటున్నా. ఏది ముందో ఏది వెనకో ఇప్పుడే తేల్చుకోకపోతే ఆ సాయంత్రం ఒక చేత్తో హారతి పళ్ళెం, ఇంకో చేత్తో గ్లూ గన్ పట్టుకోవాలి.

కొనే వేషాలు వద్దనుకున్నది డబ్బు కోసమే కాదు. ప్యాకెట్లో వచ్చేవి పల్చటి పాలిస్టర్ గుడ్డలు. అక్టోబరు ఆఖరి రాత్రి చలికి పైన కోటు తొడిగితే వేషం కోటు కింద దాక్కుంటుంది. తొడగకపోతే మూడో ఇంటికే ముక్కు కారుతుంది. ఈసారి గుమ్మంలో నూనె దీపాలు కూడా ఉంటాయి కాబట్టి ఆ గుడ్డ అసలే పనికిరాదు.

పెద్దాడి వేషం తేలింది. ఆర్చి. అదే, మా ఊళ్ళో మిసిసిపీ నది పక్కనున్న పేద్ద స్టీలు కమాను, గేట్‌వే ఆర్చి. ఇండియా నుంచి ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాం కాబట్టి వాడికి దాని లెక్కలన్నీ నోటికొచ్చు. ఎత్తు 630 అడుగులు, కింద రెండు కాళ్ళ బయటి అంచుల మధ్య దూరం కూడా 630 అడుగులే. సూపర్ హీరోలు వాడి క్లాసులో ఎలాగూ బోలెడుమంది ఉంటారట, ఆర్చి మాత్రం తనొక్కడేనట. ఏడేళ్ళవాడి లాజిక్కి ఎదురు చెప్పడానికి నాకేం దొరకలేదు.

చిన్నదానికి నాలుగేళ్ళు. గుడ్లగూబ కావాలంది. తెనాలికి ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే మా అమ్మ, "పండగ పూట గుడ్లగూబేమిటే! శుభమా అని చిలకని చెయ్యి" అంది.

"అమ్మా, ఉత్తరాదిన లక్ష్మీదేవి వాహనం గుడ్లగూబేనమ్మా. దీపావళి నాడు ఆవిడ దాని మీదే వస్తుందంటారు" అన్నా.

కాసేపు ఊరుకుని, "సరే, కళ్ళు మాత్రం మరీ మిడిగుడ్లు పెట్టకు, పిల్ల దడుసుకుంటుంది" అంది. పర్మిషన్ వచ్చినట్టే.

అక్టోబరు 13, ఆదివారం

దసరా పేరంటాలు అయ్యాయి. ఇప్పుడు గుడ్లగూబ పని.

అమెరికాలో ఏ తెలుగింటి అల్మారా తెరిచినా అడుగు అరలో ఒక దొంతర ఉంటుంది. వాయనాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు. కుట్టించుకోం, పారెయ్యలేం. ఇంకో పేరంటానికి ఇంకొకరి చేతిలో పెడతాం. వాటిలో కొన్ని ఊరంతా తిరిగి మళ్ళీ మన అరలోకే వస్తాయి. మెరూన్, ఆవపిండి రంగు, ఇటుక రంగు, కాఫీ రంగు, బాటిల్ గ్రీన్. గుడ్లగూబ ఈకలకి ఇంతకన్నా మంచి రంగులు ఏ గుడ్డల కొట్లోనూ ఒక్కచోట దొరకవు. దొంతర మొత్తం నేల మీద పోశా.

నూలువి ఏవో, కలనేతవి ఏవో చేత్తో పట్టుకుంటే కొన్నిటికే తెలుస్తుంది. మిగతావాటికి మా అమ్మ పద్ధతే. ముక్క అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్లతో అంటించి చూశా. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వస్తుంది, వేళ్ళతో నలిపితే బూడిద రాలుతుంది. పాలిస్టర్ పోగు మంట తగలకముందే ముడుచుకుపోతుంది, కరిగి, చల్లారాక గట్టి నల్ల పూస మిగులుతుంది. ఆ కరిగేదే ఒంటికి అతుక్కుంటే ప్రమాదం. నూలు కాలదని కాదు, అదీ అంటుకుంటుంది. కానీ ఒంటికి అతుక్కోదు. పూస మిగిలిన ముక్కలన్నీ మడతపెట్టి మళ్ళీ అరలో పెట్టేశా. పేరంటాలకి అవి పనికొస్తాయి.

వేషానికి పునాది గోధుమరంగు హుడీ, ఒక సైజు పెద్దది, పాత బట్టల కొట్లో కొన్నా. లోపల థర్మల్ తొడిగినా బిగుతు కాకూడదు. రెక్కలకి పాత నూలు దుప్పటి. చిన్నదాన్ని చేతులు బార్లా చాచి నిలబెట్టి, ఒక మణికట్టు నుంచి ఇంకో మణికట్టు దాకా కొలిచి, ఆ వెడల్పున అర్ధచంద్రాకారంలో కత్తిరించా. పిక్కల దాకానే పొడవు. చీలమండ దాకా వస్తే మెట్లెక్కేటప్పుడు కాలికి తగులుతుంది.

ఈకకి మూస సీరియల్ డబ్బా అట్టతో చేశా. మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు, కింద గుండ్రం. జాకెట్టు ముక్కని మడతల మీద మడత వేసి మూస పెట్టి గీసి, జిగ్‌జాగ్ కత్తెరతో ఒకేసారి ఆరేసి ఈకలు కోస్తున్నా. మామూలు కత్తెరతో కోస్తే నూలు అంచు నుంచి పోగులు ఊడుతూనే ఉంటాయి, ప్రతి ఈక అంచూ మడిచి కుట్టే ఓపిక నాకు లేదు.

కుట్టడం మాత్రం కింది వరస నుంచి పైకి. పెంకుటింటికి పెంకులు కప్పినట్టే. ముందు చూరు వరస, దాని మీద సగం కప్పుతూ పై వరస. పై అంచు మాత్రమే కుట్టాలి, కింది అంచు వదిలెయ్యాలి. అప్పుడే చేతులు ఊపితే ఈకలు కదులుతాయి. మిషను మీద ఇవాళ మూడు వరసలయ్యాయి. చిన్నది పక్కనే కూర్చుని ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో చెబుతోంది. ఒకే రంగువి రెండు పక్కపక్కన పడితే ఒప్పుకోదు.

అక్టోబరు 19, శనివారం

ఈ రోజంతా ఆర్చి వంపుకే సరిపోయింది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన పని కూడా ఇదే.

చేత్తో గీస్తే ఆర్చి రాదు. అర్ధవృత్తమో, గుర్రపు నాడానో వస్తుంది. దాని వంపు వెనక ఉన్న సంగతి ఏమిటంటే, గొలుసు రెండు చివర్లా పట్టుకుని వదిలితే దానంతటది ఏ వంపులో వేలాడుతుందో, దాన్ని తలకిందులు చేస్తే వచ్చే వంపు అది. వేలాడే గొలుసులో ఉన్నదంతా లాగుడే. తిరగేసి నిలబెడితే ఆ లాగుడంతా నొక్కుడుగా మారి, బరువు వంపు వెంటే నేలకి దిగిపోతుంది. డిజైను చేసిన ఏరో సారినెన్ ఇంకో మెలిక కూడా పెట్టాడు. కాళ్ళు కింద లావు, పైకెళ్ళేకొద్దీ సన్నం. అందుకే అసలు ఆర్చి వంపు మామూలు గొలుసు వంపు కన్నా కొంచెం తేడాగా ఉంటుంది. హాలోవీన్ చీకట్లో ఆ తేడా ఎవరూ పట్టుకోలేరులే.

మా వీధి తలుపు వెడల్పు 36 అంగుళాలు. అంచేత ఆర్చి వెడల్పు 30 అంగుళాలకి ఖాయం చేశా. ఎత్తూ 30 కావాలి. గోడకి బ్రౌన్ పేపరు అంటించి, 30 అంగుళాల దూరంలో రెండు మేకులు కొట్టి, పూలకుండీలు వేలాడదీసే సన్నగొలుసుని వాటికి తగిలించాం. మధ్యలో అది 30 అంగుళాలు దిగేదాకా వదులు చేసుకుంటూ పోతే గొలుసు పొడవు దాదాపు ఆరడుగులకి వచ్చింది. పెద్దాడు గొలుసు పక్కనే పెన్సిలు ఆనిస్తూ గీశాడు. వాడు గొలుసుని తాకితే అది ఊగుతుంది, ఊగితే ఆగేదాకా ఆగాలి. కాగితం ఊడదీసి తలకిందులుగా పట్టుకోగానే "అమ్మా, ఆర్చీ!" అని కేక పెట్టాడు. లెక్కల పుస్తకం లేకుండా లెక్క తేలిపోయింది.

అసలు ఆర్చిని అడ్డంగా కోస్తే కనిపించేది సమబాహు త్రిభుజం. అడుగున ఒక్కో భుజం 54 అడుగులు, కొసన 17. అంటే కింద ఉన్న లావులో పైన మూడో వంతుకి కొంచెం తక్కువ. మా లెక్కలో అడుగున 4 అంగుళాలు, కొసన అంగుళంపావు. పక్క భాగాలకి ఫ్రిజ్ వచ్చిన పెద్ద డబ్బా అట్ట వాడుతున్నాం. బయటి వంపు మీద అతికే పట్టీకి మాత్రం ఆ అట్ట వంగదు, మడత పడుతుంది. దానికి సీరియల్ డబ్బా అట్టే సరైనది.

మా ఆయన దాన్ని మొత్తం ఒకే ముక్కగా కోద్దామన్నారు. నేను వద్దన్నా. రెండు కాళ్ళూ విడివిడిగా చేసి చివర్లో కొసన కలుపుదాం అన్నా. అసలు ఆర్చి కట్టిందీ అలాగే. పైగా విడిగా ఉంటే కారులో పడుతుంది.

అక్టోబరు 24, గురువారం

సాయంత్రాలు కొంచెం కొంచెం చేస్తున్నాం. ఆర్చి ఒంటి మీద నిలబడేది ఎలాగన్నది తేలింది. నడుముకి ఒక అట్టపెట్టె. 30 అంగుళాల వెడల్పు, 14 లోతు, 8 ఎత్తు. పైనా కిందా నడుము పట్టే కన్నం, పాత బ్యాక్‌ప్యాక్ పట్టీలు భుజాల మీదుగా. పట్టీలు వెనక ఇంటూ మార్కు ఆకారంలో దాటితేనే జారవు. పెట్టె కుడి చివర ఒక కాలు, ఎడమ చివర ఇంకో కాలు. వాడి మొహం ఆర్చి మధ్యలో ఉంటుంది, కొస తల మీదుగా పైకి వెళ్తుంది. కాళ్ళ లోపల, రంగులు కలపడానికి కొట్లో ఇచ్చే చెక్కపుల్లలు దూర్చి, పెట్టె అడుగు దాకా దింపి గ్లూ పెట్టాం. గాలి వీస్తే ఆర్చి ఒరగకూడదు.

పెట్టె పైభాగం పచ్చగడ్డి, ముందు భాగం మిసిసిపీ నది. నేను నీలం రంగు తీశా. పెద్దాడు ఒప్పుకోలేదు. నది గోధుమరంగులోనే ఉంటుందన్నాడు. నిజమే. గోధుమరంగు నదిలో ఒక పడవ బొమ్మ, దాని పక్కన పొడుగాటి గంటు. చాక్లెట్లు ఆ గంటులోంచి లోపలి సంచిలో పడతాయి. రెండు చేతులూ ఖాళీ.

పూతకి మూడు రకాలు చూశాం. వంటింటి ఫాయిల్ ముడతలు పడి చిరుగుతోంది. బూడిదరంగు డక్ట్ టేపు మెరవదు. ఏసీ గొట్టాల అతుకులకి వాడే అల్యూమినియం టేపు మాత్రం అచ్చంగా స్టెయిన్‌లెస్ స్టీలు రేకులా కనిపిస్తోంది. వెనక కాగితం ఒలిచి, అంటించి, స్టీలు గరిటె వెనక భాగంతో మధ్య నుంచి అంచులకి రుద్దితే బుడగలు పోతాయి. దాని అంచులు బ్లేడంత పదును. ఒలవడం, కోయడం పెద్దవాళ్ళ పని, గరిటెతో రుద్దడం వాడి పని. అడ్డంగా ముక్కముక్కకీ మధ్య కనిపించే గీతలు కూడా కలిసొచ్చాయి, అసలు ఆర్చి మీదా అతుకుల గీతలు అలాగే ఉంటాయి.

అక్టోబరు 26, శనివారం

గుడ్లగూబ పూర్తయింది. హుడీ మీద కళ్ళు: తెల్ల ఫెల్ట్ చక్రం, మీద పసుపు, మీద నలుపు, మధ్యలో ఒక చిన్న తెల్ల చుక్క. ఆ చుక్క పెట్టేదాకా పక్షి నిద్రపోతున్నట్టు ఉంది. మాస్కు పెట్టలేదు. మాస్కులో పిల్లలకి పక్కచూపు ఉండదు. ముక్కు మీద నారింజ రంగు ఫేస్ పెయింట్‌తో ముక్కు దిద్దితే చాలు, అదీ రెండు రోజుల ముందు ముంజేతి మీద రాసి దద్దుర్లు రావని చూశాక.

రెక్కల వెనక అంచునా, ఆర్చి పెట్టె వెనకా రిఫ్లెక్టివ్ టేపు కుట్టా, అంటించా. ఇది అలంకారం కాదు. 1975 నుంచి 2016 దాకా అమెరికా రోడ్డు ప్రమాదాల లెక్కలు తీసి చూసిన ఒక అధ్యయనంలో, హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాల ముప్పు మామూలు సాయంత్రాల కన్నా 43 శాతం ఎక్కువని తేలింది. మా వీధిలో ఫుట్‌పాత్ ఒకవైపే ఉంది. చేతికో టార్చిలైటు కూడా.

ఇక జోకులు. సెయింట్ లూయిస్‌లో పిల్లలు "ట్రిక్ ఆర్ ట్రీట్" అనేసి చెయ్యి చాపితే సరిపోదు. తలుపు తీసినవాళ్ళకి ఒక జోకో పొడుపుకథో చెప్పాలి, అప్పుడే చాక్లెట్. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇది చూసి తెల్లబోతారు. పెద్దాడు తనదే తను తయారుచేసుకున్నాడు: "నేను ఎంత ఎత్తో అంత వెడల్పు, అయినా బక్కగానే ఉంటా. ఎవర్ని?" వేషంలో జవాబు కనిపిస్తూనే ఉంటుంది కదరా అంటే, అదే జోకు అన్నాడు.

చిన్నదానికి మా అమ్మమ్మ చెప్పే పొడుపుకథ నేర్పా. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." జవాబు కంటిరెప్పలు. ఇంగ్లీషులో కూడా సరిగ్గా కుదిరింది. జవాబు చెప్పేటప్పుడు గుడ్లగూబలా రెండు రెప్పలూ టపటపా కొట్టాలి. అదొక్కటీ ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

అక్టోబరు 28, సోమవారం

ఇవాళ కొస కలిపాం. కావాలనే ఇవాళ పెట్టుకున్నాం. అసలు ఆర్చికి ఆఖరి ముక్క పెట్టింది 1965 అక్టోబరు 28న. ఎండకి దక్షిణపు కాలు వేడెక్కి వ్యాకోచిస్తే కొసలు సరిగ్గా కలవవని, దాన్ని చల్లబరచడానికి ఫైరింజను గొట్టాలతో నీళ్ళు కొట్టారు. పెద్దాడు బాత్‌రూం నుంచి స్ప్రే బాటిల్ తెచ్చాడు. అట్ట మీద నీళ్ళేమిట్రా అని వాళ్ళ నాన్న లాక్కున్నారు. చివరికి వాడు రాజీపడి, బాటిల్ గాల్లో పట్టుకుని నోటితో "ష్‌ష్‌ష్" అని సౌండు మాత్రం ఇచ్చాడు, నేను టేపు వేశా.

కొస దగ్గర కిటికీలు నల్ల మార్కరుతో, ఒక్కో వైపు పదహారు. పదిహేను గీసి నేను ఆగితే లెక్కపెట్టి పట్టుకున్నాడు.

అక్టోబరు 29, మంగళవారం

గుమ్మడికాయలు. చెక్కినవి వారం రోజులకి మించి ఆగవు, ఎండ తగిలితే ఇంకా ముందే మెత్తబడి బూజు పడతాయి. అందుకే ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. తొడిమ వైపు కాకుండా అడుగున కన్నం కోస్తే లాభం ఉంది. కాయని ఎల్‌ఈడీ దీపం మీద బోర్లించేయొచ్చు, మూత లోపలికి పడిపోదు. లోపలి గోడని గరిటెతో అంగుళం మందం మిగిలేదాకా గీరితే కత్తి సులువుగా దిగుతుంది. చెక్కిన అంచులకి వ్యాజిలిన్ రాశా, త్వరగా ఎండిపోకుండా. ఉడతలకి మాత్రం మందు లేదు.

ఈ మొహాలు చెక్కే అలవాటు ఐర్లండు నుంచి వలసొచ్చినవాళ్ళతో ఇక్కడికి వచ్చింది. అక్కడ వాళ్ళు టర్నిప్ దుంపలు చెక్కేవాళ్ళు. ఇక్కడ గుమ్మడికాయ పెద్దది, మెత్తనిది, చవక. పిల్లల కన్నా ముందు మా ఆయన మార్కరు అందుకుని కోర మీసాలు, బయటికి చాచిన నాలుక గీశారు. గుంటూరులో వాళ్ళింటి గుమ్మానికి వేలాడే దిష్టి బూడిదగుమ్మడికాయ మొహమే అది. పక్కింటావిడ చూసి, మా వీధి మొత్తంలో భయపెట్టేది ఇదొక్కటే అంది.

గింజలు పారెయ్యకూడదు. పీచు కడిగేసి, ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, గుడ్డ మీద ఆరబెట్టి, కొంచెం నూనె, కారం పట్టించి, ఓవెన్‌లో 350 ఫారెన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు. ఉడికిస్తే ఉప్పు లోపలి దాకా పడుతుంది. ఈ పెద్ద కాయల గుజ్జు మాత్రం నీరునీరుగా, పీచుగా ఉంటుంది, కూరకి రుచి రాదు. పులుసుకి పై పంప్కిన్ అని అమ్మే చిన్నకాయ వేరే తెచ్చా. బెల్లం, చింతపండు వేసిన పులుసు రాత్రికి అయిపోయింది.

అక్టోబరు 30, బుధవారం

వంటిల్లు. ఇంటింటికీ తిరిగే పిల్లలకి చేత్తో చేసినవి పెట్టే పని లేదు. సీలు వేసిన ప్యాకెట్లే పెట్టాలి, తెలియని ఇంటి వంటని ఏ తల్లీ తిననివ్వదు. బడిలో పార్టీకీ అదే రూలు. చేత్తో చేసేవన్నీ మా ఇంటికి, మాతో కలిసి తిరిగే రెండు తెలుగు కుటుంబాలకి.

రవ్వలడ్లు కళ్ళయ్యాయి. రెండు కప్పుల సన్నరవ్వని పావుకప్పు నెయ్యిలో సన్నసెగ మీద వేయించాలి. వాసన రావాలి, రంగు రాకూడదు. ఇక్కడ ఒక్క నిమిషం ఏమరిస్తే కామెర్ల కళ్ళే. ఒకటింబావు కప్పు పంచదార పొడి కలిపి, గోరువెచ్చని పాలు చిలకరిస్తూ గట్టిగా ఉండలు చుట్టాలి. ఉండ పచ్చిగా ఉండగానే బొటనవేలితో చిన్న గుంట నొక్కి, అందులో ఆకుపచ్చ ఎం అండ్ ఎం చాక్లెట్ బిళ్ళ, దాని మీద కరిగించిన చాక్లెట్‌తో ఒక చుక్క. నరాలకి బీట్‌రూట్ రసం. పిల్లల పెయింట్ బ్రష్ కొత్తది విప్పి, కొస మాత్రం ముంచి, కంటిపాప నుంచి బయటికి సన్నగా లాగాలి. బ్రష్ తడి ఎక్కువైతే రవ్వ పీల్చేసుకుని గులాబీ మరక అవుతుంది. టిష్యూ మీద ఒకసారి అద్ది లాగితే వెంట్రుకంత సన్నటి గీత వస్తుంది.

కానీ అంతకు ముందే, పిల్లల చూపు పడేలోపు, పదకొండు ఉండలు తీసి స్టీలు డబ్బాలో మూతపెట్టా. అవి రేపు నైవేద్యానికి. అమ్మవారికి కళ్ళున్న లడ్లు పెట్టానని తెనాలికి తెలిస్తే నా పని అయిపోతుంది.

రెండోది మంత్రగత్తె వేళ్ళు. చేగోడీల పిండే: కప్పు నీళ్ళు మరిగించి ఉప్పు, కారం, చెంచా వెన్న, నానిన పెసరపప్పు కొంచెం, నువ్వులు వేసి, కప్పు బియ్యప్పిండి పోసి కలిపి మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యాక మెదపాలి. చుట్టలు చుట్టకుండా పెన్సిలు మందాన వేళ్ళలా చేసి, చాకు వెనక అంచుతో కణుపుల దగ్గర రెండేసి గీతలు పెట్టి, కొసన గోరుకి బాదంపలుకు అడ్డంగా నొక్కాలి. మందంగా చేస్తే లోపల మెత్తబడిపోతాయి. పిండి సరిగ్గా మెదపక గాలి ఉండిపోతే నూనెలో పేలతాయి కూడా, అందుకే వేయించేటప్పుడు పిల్లలకి వంటింట్లోకి ప్రవేశం లేదు. మధ్యస్థపు సెగ మీద, నురగ తగ్గేదాకా. వేగాక ఆ గోర్లు నల్లగా, కొంచెం వంకరగా తిరిగాయి. నేను అనుకున్న దానికన్నా అసహ్యంగా, అంటే బాగా, వచ్చాయి.

డబ్బాల మీద చీటీలు అంటించా: జీడిపప్పు లేదు, బాదం ఉంది, పాలు ఉన్నాయి, నువ్వులు ఉన్నాయి. మన వంటల్లో నువ్వుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమెరికాలో 2023 జనవరి నుంచి ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన ఎలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోవి. పెద్దాడి స్నేహితుల్లో ఒకడికి పల్లీలు పడవు. వాడి కోసమూ, వాడిలాంటి వాళ్ళ కోసమూ వరండాలో ఒక చిన్న గుమ్మడికాయకి నీలాకుపచ్చ రంగు వేసి పెట్టా. ఆ రంగు కాయ ఉన్న ఇంట్లో తిండి కాని కానుకలు కూడా దొరుకుతాయని గుర్తు. 2014 నుంచి దేశమంతా పాకిన అలవాటిది. మా గిన్నెలో సాలీడు ఉంగరాలు, చీకట్లో మెరిసే పుల్లలు, పెన్సిళ్ళు.

అక్టోబరు 31, గురువారం

వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించా. నాలుగున్నరకి పిల్లలకి పెరుగన్నం. ఖాళీ కడుపుతో పంపితే చాక్లెట్లే భోజనం అవుతాయి. ఐదున్నరకి పూజ. పిల్లలిద్దరూ థర్మల్స్ మీద పరికిణీ, కుర్తా. దీపాల దగ్గర ఈకలూ లేవు, అట్టలూ లేవు. హారతయ్యాకే వేషాలు.

నూనె ప్రమిదలు తలుపు పక్కన నడుమెత్తు బల్ల మీదే పెట్టా. దారి పొడవునా మెట్ల మీద పెట్టినవన్నీ బ్యాటరీ దీపాలు. ఈ ఒక్క రోజు మా గుమ్మానికి వచ్చే పిల్లల్లో సగం మందికి నేలమీద జీరాడే గౌన్లు ఉంటాయి. దిష్టి మొహం గుమ్మడికాయ ఒక పక్క, ముగ్గు ఇంకో పక్క. మామిడాకుల తోరణం ప్లాస్టిక్‌దే, ఏం చేస్తాం.

ఆరూ పదికి బయటపడ్డాం. ఆర్చి తలుపు దాటాడు. ముందు పక్కకి తిరగబోయాడు గానీ, అవసరం లేకపోయింది. రెండో ఇంటి పెద్దాయన పొడుపుకథ వినకముందే "ఆర్చి!" అనేశాడు. మావాడు తొణక్కుండా కొస వైపు చూపించి, "అయితే కిటికీలెన్నో చెప్పండి" అన్నాడు. అక్కడి నుంచి ప్రతి ఇంట్లోనూ ప్రశ్న మారిపోయింది. పదహారే అన్నవాళ్ళకి వెనక్కి తిరిగి మిగతావి చూపించడం. పెట్టె గంటులోంచి చాక్లెట్ వేయడానికి జనం ముచ్చటపడి రెండేసి వేశారు. గంటు ఐడియా వాళ్ళ నాన్నదని ఇక్కడ రాయమన్నారు, రాశా.

చిన్నది నాలుగైదు ఇళ్ళు "కిటకిట" అని తెలుగులోనే మొదలుపెట్టింది. ఆ శబ్దానికే అందరూ నవ్వారు. తర్వాత ఎత్తుకోమంది. రెక్కలతో సహా ఎత్తుకుంటే నాకూ చలి వెయ్యలేదు.

తిరిగొచ్చాక బల్ల మీద నైవేద్యం లడ్లు, కళ్ళ లడ్లు, వేళ్ళు, గింజలు. మాతో వచ్చిన తెలుగు పిల్లలు కళ్ళ లడ్లు ఒకరి మొహం మీద ఒకరు పెట్టుకుని చూసుకుని మరీ తిన్నారు. పెద్దవాళ్ళు టీతో వేళ్ళు ఖాళీ చేశారు. తెనాలిలో అప్పటికి తెల్లారింది. వీడియోలో గుడ్లగూబని చూపిస్తే మా అమ్మ, "రెక్కల్లో ఆ మెరూన్ ముక్క నేను పెట్టిందే కదూ, నీ సీమంతానికి" అని గుర్తుపట్టింది.

నవంబరు 3, ఆదివారం

గడియారాలు గంట వెనక్కి తిప్పాం, సర్దుడు కార్యక్రమం కూడా. చాక్లెట్లు రాశిపోసి రకాలవారీగా విడదీశారు. పల్లీలున్నవన్నీ వాళ్ళ నాన్న ఆఫీసుకి. మిగతావి రాత్రి అన్నం తిన్నాక రెండేసి, డబ్బా నా అరలో. గుమ్మడికాయలు పెరట్లో కంపోస్టులోకి వెళ్ళాయి, ఉడతలు ఒక మీసం ముందే కొరికేశాయి. రంగు వేసిన కాయని మాత్రం అందులో వెయ్యలేదు, చెత్తబుట్టే. గుడ్లగూబ రెక్కలు ఉతకడానికి సంచిలో కట్టి, చల్లనీళ్ళలో నెమ్మది వాష్‌లో వేశా. మెరూన్ రంగు కొంచెం దిగింది, పక్క ఈకలకి అంటలేదు. ఆర్చిని కొస దగ్గర విడదీసి రెండు కాళ్ళూ మంచం కింద పెట్టాం. గొలుసు గీత ఉన్న కాగితం చుట్టి దాని పక్కనే.

అల్యూమినియం టేపు సగం చుట్ట మిగిలింది. బట్టలారబెట్టే మిషను వెనక గొట్టం అతుకు ఎన్నాళ్ళుగానో ఊడి ఉందని మా ఆయన దాంతో అది అంటించారు.